ఆటిజం లెక్కలను మహమ్మారి అనే ముందు
ఆటిజం (ఇతరులతో మాట్లాడటం, కలిసిమెలిసి ఉండటం కష్టమయ్యే ఎదుగుదల తేడా) అంకెలు పెరిగాయన్న వార్త రాగానే, ఆ అంకె ఎక్కడ, ఎవరు నమోదు చేస్తే వచ్చిందో చూడకుండా ‘మహమ్మారి’ అని రాసేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. దేశ ప్రజల వైద్య వివరాలను నమోదు చేసే జనాభా ఆరోగ్య రిజిస్టర్‌లో ఉండేది డాక్టర్లు నమోదు చేసిన నిర్ధారణే. డాక్టరు దాకా వెళ్లని బిడ్డ ఆ లెక్కలోకి రాదు.

డెన్మార్క్ సంగతి చూడండి. 1968 నుంచి అక్కడ ప్రతి వ్యక్తికీ ఒక గుర్తింపు సంఖ్య ఉంది కనుక, పుట్టుక మొదలు టీకాలు, ఆసుపత్రి వివరాల దాకా ఒకదానితో ఒకటి జతచేసి చూడవచ్చు. 1994లో నిర్ధారణ ప్రమాణాలు మారాయి. మరుసటి ఏడాది నుంచి, ఆసుపత్రిలో చేరకుండా ఔట్‌పేషెంట్‌గా చూపించుకుని వెళ్లేవారినీ మానసిక వైద్య రిజిస్టర్‌లో రాయసాగారు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఆసుపత్రిలో చేరే అవసరమే రాదు కాబట్టి, అంతవరకు లెక్కకు అందనివారు ఒక్కసారిగా కనిపించారు. 1980–91 మధ్య పుట్టిన పిల్లల్లో కనబడిన పెరుగుదలలో సుమారు 60 శాతాన్ని ఈ రెండు మార్పులతోనే వివరించవచ్చని 2015లో వచ్చిన పరిశోధన తేల్చింది. మిగిలిన భాగాన్ని కొట్టిపారేయమని నేను అనడం లేదు. దాన్ని వెతకాలన్నా ముందు ఈ 60 శాతాన్ని పక్కకు తీయాలి కదా.

అదే ఏడాది స్వీడన్ పరిశోధకులు మరో దారిలో వెళ్లారు. కవలల తల్లిదండ్రులను అడిగి ఆటిజం లక్షణాలను కొలిస్తే, పదేళ్ల వ్యవధిలో పుట్టిన పిల్లల్లో అవి ఇంచుమించు నిలకడగా ఉన్నాయి. జాతీయ రిజిస్టర్‌లో నిర్ధారణలు మాత్రం ఏటా పెరిగాయి. అంటే లక్షణాలు పెరగకుండానే నమోదైన అంకె పెరగవచ్చు.

రిజిస్టర్ల మీద నాకు చిన్నచూపు లేదు. 6,57,461 మంది డెన్మార్క్ పిల్లల వివరాలతో ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా ఆటిజం ముప్పును పెంచడం లేదని 2019లో చెప్పగలిగింది వాటి వల్లే. కానీ దక్షిణ కొరియాలోని ఒక ప్రాంతంలో బడి పిల్లలందరినీ లక్ష్యంగా పెట్టుకుని వెతికినప్పుడు 2.64 శాతం మందిలో ఆటిజం ఉండవచ్చని 2011లో అంచనా వేశారు. అలా తేలినవారిలో మూడింట రెండు వంతుల మంది అంతకుముందు ఏ నిర్ధారణా, ఏ సాయమూ లేకుండా మామూలు బడుల్లో చదువుతున్నవారే. తక్కువ అంకె చూసి సంతోషించేవారు ఆ పిల్లలను తలుచుకోవాలి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది అమ్మాయిల విషయం. ఆటిజం ఉన్నా తోటివారిని గమనించి, వారిలాగే మాట్లాడుతూ నెట్టుకొచ్చే అమ్మాయికి, ఆందోళనతో కుంగిపోయాక ఏ పదిహేనో ఏటో నిర్ధారణ జరుగుతుంది. అమెరికాలో తరచూ వినిపించే ‘31 మందిలో ఒకరు’ అన్న 2022 లెక్క ఎంపిక చేసిన ప్రాంతాల్లోని ఎనిమిదేళ్ల పిల్లలది; ఇలాంటి అమ్మాయి అందులో కనిపించకపోవచ్చు. అందుకే గ్రాఫు వేసే ప్రతి సంస్థా నిబంధనలు మారిన సంవత్సరాలను దాని మీదే గుర్తించాలి, నిర్ధారణ నాటి వయసును అబ్బాయిలకూ అమ్మాయిలకూ వేర్వేరుగా ఇవ్వాలి, ఇరవై ఏళ్లు దాటేదాకా అదే పిల్లల లెక్కను కొనసాగించాలి.