విశాఖ ఉప్పుగాలి, తుపాకి నూనె

పోయిన సంక్రాంతికి విశాఖ వెళ్లినప్పుడు పెదనాన్న బీరువాలోంచి తన డబుల్ బ్యారెల్ తీసి చూపించారు. లైసెన్సు ఉన్న పన్నెండు బోరు తుపాకి. దాన్ని మడత విప్పి, రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయని ఇద్దరం చూసి, వేలు పెట్టి కూడా చూసుకున్నాకే చేతిలోకి తీసుకున్నాను. మడత దగ్గర తేనె రంగు జిగురు గట్టిపడి ఉంది. గొట్టం మీద, సరిగ్గా వేళ్లు పడే చోట, ఎర్రటి తుప్పు చుక్కలు.

"దీనికి ఏం రాస్తున్నారు పెదనాన్నా?"

"నువ్వుల నూనేరా. తలుపు బందులకి కూడా అదే కదా వేస్తాం."

పెదనాన్న అశ్రద్ధ చేసే మనిషి కాదు. ప్రతి పండక్కీ తీసి, తుడిచి, నూనె రాసి పెట్టారు. కానీ నువ్వుల నూనె గాలి తగిలే కొద్దీ చిక్కబడి బంకవుతుంది, దుమ్ముని పట్టుకుంటుంది. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది. జనవరి పొద్దున్న తలనూనె సీసా చూసిన వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. కుట్టుమిషన్ నూనె వీటికంటే చాలా నయం, ఖనిజ నూనె కాబట్టి బంకవదు. అయితే అది మరీ పల్చన, నెలల తరబడి తుప్పుని ఆపలేదు.

ఇక్కడ అమెరికాలో మన సంఘం సభ్యుల్లో చాలామంది ఇప్పుడు తుపాకి కాల్చడం సాధన చేసే రేంజ్‌కి వెళ్తున్నారు. ఏ నూనె మంచిదని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో సీసా పేరు చెబుతారు. తుపాకి ఏ ఊళ్లో ఉంటుంది, ఎన్నాళ్లు ముట్టుకోకుండా ఉంచుతారు అనే మాట మాత్రం రాదు. నేనైతే ముందు అదే అడుగుతాను. ఎడారి ఊళ్లో సరిపోయే నూనె సముద్రం ఒడ్డున చాలదు.

విశాఖలో సముద్రం పక్కనున్న లాసన్స్ బే కాలనీలో పెరిగినవాణ్ణి. కిటికీ గ్రిల్స్‌కి నాన్న ఎన్నిసార్లు రంగు వేయించినా అంచుల్లో తుప్పు లేచేది. సముద్రం గాలిలో వచ్చే ఉప్పు ఇనుము మీద కూర్చుని తేమని లాక్కుంటుంది. చెమటలోనూ ఉప్పే. పెదనాన్న తుపాకి మీద చుక్కలు వేలిముద్రల్లా ఉండటానికి కారణం అదే. ఆ ఉప్పు నూనెలో కరగదు. దాని మీద ఎంత ఖరీదైన నూనె రాసినా ఉప్పుకి మూత పెట్టినట్టే, కింద పని జరుగుతూనే ఉంటుంది. ముందు మంచినీళ్లతో తడిపి పిండిన గుడ్డతో తుడవాలి, పూర్తిగా ఆరనివ్వాలి, ఆ తర్వాతే నూనె. తుపాకికి నీళ్లా అని భయపడతారు గానీ, పాత మిలిటరీ తూటాలు వాడేవాళ్లకి ఇది కొత్త కాదు. వాటిలో కొన్నింటి ప్రైమర్‌లో, అంటే తూటా అడుగున నిప్పు రాజేసే మందులో, పొటాషియం క్లోరేట్ ఉంటుంది. కాల్చాక గొట్టంలో పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది. అదీ ఉప్పే, దాన్నీ నీళ్లే కడగాలి. 1904లో జర్మనీలో పుట్టిన బాలిస్టాల్ అనే తుపాకి నూనె మీద నాకు గౌరవం ఇందుకే. ఆ నూనె నీళ్లలో పాలలా కలుస్తుంది.

ఎన్.సి.సి.లో .22 రైఫిల్‌కి మాకు గొట్టంలోంచి గుడ్డని లాగే పుల్ త్రూ తాడు, చిందీ గుడ్డ ఇచ్చేవారు. తుడిచే గుడ్డ నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు. నూనె రాసే గుడ్డ వెడల్పు ఒకటిన్నరే. తుడిచేది బిగుతుగా పోవాలి, నూనెది కాస్త వదులుగా పోవాలి. తుడవడం వేరు, నూనె పెట్టడం వేరు అని నా చేతులకి అలవాటైంది అక్కడే.

సి.ఎల్.పి. అని అమ్మే నూనెలు ఈ రెండు పనులనీ ఒకే సీసాలో పెడతాయి. శుభ్రం చేయడం, జారేలా చేయడం, తుప్పు ఆపడం అన్నీ అదే చూసుకుంటుంది. సైనికుడు సంచిలో మూడు సీసాలు మోయలేడు కాబట్టి అతనికి అది సరైనది. వారం వారం కాల్చి తుడిచే మన రేంజ్ మిత్రులకీ చాలు. నెలల తరబడి విశాఖ బీరువాలో పడుకునే తుపాకికి మాత్రం నేను వేరువేరుగానే వాడతాను. మసిని కరిగించడానికి సాల్వెంట్, ఆరాక తుప్పు ఆపడానికే చేసిన నూనె. డబ్ల్యూడీ-40 స్ప్రే సంగతి అందరూ అడుగుతారు. 1953లో శాన్ డియాగోలో రాకెట్ల పని కోసం, నీటిని తోసేయడానికి తయారైంది. వానలో తడిసిన తుపాకికి కొట్టి తుడిచేయండి, బాగుంటుంది. అదే తుప్పు ఆపే నూనె అనుకుని ఏడాది వదిలేయకండి.

ఆ మధ్యాహ్నం కిటికీలు తెరిచి, చేతులకి గ్లోవ్స్ వేసుకుని, సాల్వెంట్‌తో జిగురంతా వదిలించాం. తుప్పు చుక్కల మీద నూనె వేసి, నాలుగు సున్నాల రకం సన్నటి స్టీల్ వుల్‌తో మెల్లగా రుద్దితే చాలావరకు పోయాయి. మచ్చలు కొన్ని మిగిలాయి. నూనె ఎక్కువ రాయబోతే పెదనాన్న చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. పల్చటి పొర చాలు. ఎక్కువైతే అది కిందికి కారి తుపాకి వెనక కర్రలో ఇంకి దాన్ని మెత్తబరుస్తుంది, అందుకే కొన్నాళ్లు గొట్టం మూతి కిందికి ఉండేలా నిలబెట్టమన్నాను. కాల్చే ముందు గొట్టం లోపల పొడిగా తుడవాలి. తూటాలకి నూనె తగలకూడదు, ప్రైమర్ పాడవుతుంది. కాన్వాసు సంచి తీసేయించాను, అది తేమని పట్టుకుని కూర్చుంటుంది.

ఊళ్లో పెద్దవాళ్లకి ఇక్కణ్ణుంచి స్ప్రే డబ్బా పట్టుకెళ్దామనుకునేవాళ్లు ఆగండి. మండే స్ప్రేలని విమానంలో సూట్‌కేసులో కూడా పెట్టకూడదు. అక్కడే తుపాకుల షాపులో అడిగి కొనండి.

కర్రకి అవిసె నూనె రాశాం. ఆ గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయబోయారు పెదనాన్న. అవిసె నూనె గుడ్డలు వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయని చెప్పి, ఒక్కొక్కటీ విప్పి పెరట్లో గోడ మీద విడివిడిగా ఆరేశాను.