ఎంసీబీ పడిపోతోందంటే తప్పు దానిదేనా?
ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే ఆఫ్ అయ్యే స్విచ్) మాటిమాటికీ పడిపోతుంటే అది పాడైనట్టే, మార్చేయండి అన్నారు నేను చదివిన ఓ వ్యాసంలో. ఒక్కోసారి నిజమే కావచ్చు గానీ, ముందుగా దాన్నే అనుమానించడం నాకు నచ్చలేదు. అమలాపురం దగ్గర మా ఇంట్లో గీజరూ ఇస్త్రీపెట్టే కలిపి వేస్తే చాలు, పడిపోయేది. విసుగొచ్చి 16 ఆంప్స్‌ది తీయించి 32 పెట్టించాం. ఇక పడలేదు, పీడా వదిలిందనుకున్నాం. నెల తిరక్కుండానే గీజర్ సాకెట్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగింది, ఒకటే నీచు వాసన. ఇంట్లో చేపలు వండి వారమైంది, పిల్లి ఏదైనా లాక్కొచ్చిందేమోనని మా ఆవిడ మంచాల కింద కూడా వెతికింది! తీరా బోర్డు విప్పితే 1.5 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరు, పైతొడుగు కరిగి రాగి బయటపడి ఉంది. ఆ వాసన దానిదే! అంత సన్న వైరు మోయలేని కరెంటు పోతున్నా 32 ఆంప్స్‌ది పడలేదన్నమాట. గీజర్‌కి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగించి, పాత 16 మళ్లీ పెట్టించాం. అది ఇప్పటికీ శుభ్రంగా పనిచేస్తోంది.