మహారాజశ్రీ హుక్కా గారికి

మహారాజశ్రీ హుక్కా గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. ఉభయుల్లో మీరు కుశలమే, మా బావ సంగతే చెప్పలేను. మొన్న ఆదివారం మొయినాబాద్ దగ్గర ఫామ్‌హౌస్‌లో మా అక్కాబావల పెళ్లిరోజు విందులో మీ దర్శనభాగ్యం కలిగింది. మంగళవారం పొద్దున్నే, సిగరెట్ మానేసిన మా బావ పాన్ డబ్బా వెనక లూజు సిగరెట్ వెలిగించుకుంటూ నాకు దొరికాడు. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదని ఆయన వాదన. "హుక్కా తాగినప్పట్నుంచి నోరు అదోలా ఉందిరా, ఒక్కటే" అన్నాడు. ఆ ఒక్క వాక్యంలోనే సంబంధం ఉందని ఆయనకి తట్టలేదు. అందుకే, ఆయన తరఫున మీకే రాస్తున్నాను.

మీకు తెలియదేమో గానీ, సిగరెట్ మానేసినవాడికి ఈ లోకంలో ఇంకా కాస్త మర్యాద మిగిలి ఉంది. మానేశాడని తెలిశాక ఎంత పోకిరీ స్నేహితుడైనా పెట్టె చాపడు. పొరపాటున చాపినా "సారీ మామా, నువ్వు మానేశావ్ కదా" అని వెనక్కి తీసుకుంటాడు. తాగేవాడు కూడా లేచి, చెప్పులు వేసుకుని, ఎండలోకి పోయి, గోడవారగా నిలబడి, పెద్దవాళ్లెవరైనా ఇటు వస్తున్నారేమోనని చూసుకుంటూ తాగాలి. ఆ సిగ్గు, ఆ ఎండ, ఆ గోడ, ఇవే మాకు సగం మందు. తమరికి అవేవీ లేవు. తమకి లోపలే పీట వేస్తారు, నట్టనడుమ.

ఆ మధ్యాహ్నం బిర్యానీలు అయ్యి, పెద్దవాళ్లు ఏసీ గదుల్లోకి వెళ్లాక, అద్దెకిచ్చే కుర్రాడు మిమ్మల్ని మోసుకొచ్చి పరుపుల మధ్య నిలబెట్టాడు. కింద గాజు బేస్‌లో ఐసుముక్కలు, ఎవడో అత్యుత్సాహంతో పోసిన స్ప్రైట్, అడుగున రంగులు మారే లైటు. పైన పొగాకు నింపిన చిలుం మీద ఫాయిల్ బిగించి, టూత్‌పిక్‌తో చుట్టూ చిల్లులు పొడిచి, పట్కారుతో ఎర్రటి బొగ్గులు మూడు పేర్చి, పొగ అందేదాకా ముందు వాడే నాలుగు దమ్ములు లాగి, అప్పుడు పైపు మా చిన్నాన్న కొడుకు చేతికిచ్చాడు. ఇంత శ్రద్ధగా ఆ రోజు భోజనం కూడా ఎవరూ వడ్డించలేదు.

ఇక అక్కణ్నుంచి మొదలైంది మీ అసలు కుట్ర. దాని పేరు వంతు. సిగరెట్ వద్దంటే ఒకడికి వద్దన్నట్టు, ఆ ఒక్కడూ ఏమీ అనుకోడు. పైపు వద్దంటే చుట్టూ కూచున్న పదిమంది ఆగిపోయి నీ మొహం చూస్తారు. "నీ వంతు అన్నా", "తీసుకో అన్నా", "ఇది సిగరెట్ కాదన్నా". తాగుతావా అని అడిగిన పాపాన ఎవడూ పోడు. అడిగితే కదా మానేశాను అని చెప్పడానికి! చేతిలోకి వచ్చేశాక చెప్పేదేముంది?

బావ చేతికి పైపు ఇచ్చింది ఎవరో తెలుసా? మా అక్క. సిగరెట్ వాసన వచ్చిన రాత్రి ఆయన్ని హాల్లో సోఫా మీద పడుకోబెట్టిన అక్క, ఏళ్ల తరబడి ఉతికే ముందు ప్రతి చొక్కా జేబూ వాసన చూసిన అక్క, పిల్లాడి తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్న అక్క. తనో దమ్ము లాగి, దగ్గి, నవ్వి, "ఏమండీ, పాన్ వాసన భలే ఉంది, ఇందులో ఏమీ ఉండదంట, ఒక్కసారి చూడండి" అంది. కాపలావాళ్లే గేటు తీసి రండి రండి అంటే దొంగ మాత్రం ఏం చేస్తాడు!

బావ ఒకసారి నా వైపు చూశాడు. ఆయనా నేనూ ఒకేసారి మానేశాం, ఆ చూపు దేనికో నాకు తెలుసు. మొదటి దమ్ము కొత్తగా తాగేవాడిలాగే భయం భయంగా లాగాడు. రెండోది మాత్రం పాత దమ్ము. కళ్లు మూసుకుని, లోపల కాసేపు ఆపి, ముక్కులోంచి నెమ్మదిగా వదిలాడు. మూడోసారికి పైపు వంతు తప్పింది, ఆయన దగ్గరే ఉండిపోయింది. నేను మాత్రం పక్కవాడికి అందించేశాను. నిగ్రహం అనుకునేరు, ఎదురుగా కిటికీలోంచి మా మావగారు చూస్తున్నారు.

అయ్యా, "ఇది సిగరెట్ కాదు" అన్న ఈ ఒక్క మాట మీకు ఎవరు రాసిచ్చారో గానీ, దాని మీదే మీ సంసారమంతా నడుస్తోంది. ఒప్పుకుంటాను, మీరు సిగరెట్ కాదు. సిగరెట్ ఐదు నుంచి ఏడు నిమిషాల్లో అయిపోతుంది, ఎనిమిది నుంచి పన్నెండు దమ్ములు, మొత్తం కలిపి అర లీటరు పైచిలుకు పొగ. మీ దగ్గర కూచుంటే గంట, గంటంపావు. ఒక్కో దమ్ములోనే లీటరు దాకా లాగొచ్చనీ, అలాంటివి ఒక్క కూర్చోడంలో రెండొందల దాకా పోవచ్చనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే చెప్పింది. గంటసేపు తాగితే ఒక సిగరెట్‌లో వచ్చే పొగకి వంద నుంచి రెండొందల రెట్లు. పొగ పరిమాణం మాటే చెబుతున్నాను, విషాల లెక్క ఒక్కోదానికీ ఒక్కోలా ఉంటుంది, మళ్లీ మీరు నా మీద పరువునష్టం దావా వేస్తారు. పైగా మీ నెత్తిన కాలుతున్న బొగ్గు కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. కుర్రాళ్లు "మస్తు కిక్ వచ్చింది రా" అంటూ తలపట్టుకు కూచునేది చాలాసార్లు దాని మహిమే.

ఇక నీళ్లు. నీళ్లలోంచి వస్తుంది కాబట్టి కడిగేసినట్టేనని మా చిన్నాన్న కొడుకు సైన్సు. నీళ్లు పొగని చల్లబరుస్తాయి, గొంతులో గరగర తగ్గిస్తాయి, ఆ సుఖానికి మనిషి ఇంకా లోపలికి లాగుతాడు. నికోటిన్ మాత్రం ఆ స్ప్రైట్‌లో ఈదుకుంటూ దర్జాగా అవతలికి వస్తుంది. ఈ నీళ్ల చిట్కా అక్బర్ ఆస్థాన వైద్యుడు హకీం అబుల్ ఫత్ గిలానీ కనిపెట్టాడని మీ భక్తులు గొప్పగా చెబుతారు. ఆయన పోయింది 1589లో. అక్బర్ కొలువులోని అసద్ బేగ్ బీజాపూర్ నుంచి పొగాకు తెచ్చి అక్బర్‌కి చూపించింది 1604 ప్రాంతంలో. పోయిన పదిహేనేళ్లకి వచ్చి కనిపెట్టి వెళ్లాడు కాబోలు, పాపం. అసద్ బేగే రాసుకున్నాడు, అక్బర్ కాస్త రుచి చూశాడే గానీ అలవాటు చేసుకోలేదట, దర్బారులో వాళ్లంతా మాత్రం నాకూ నాకూ అని ఎగబడ్డారట. చూశారా, అప్పుడూ వంతే.

మిగతా ఫిర్యాదులు గబగబా చెప్పేస్తాను. పదిమంది నోట్లో పెట్టుకున్న గొట్టం, దాని కొసకి ప్లాస్టిక్ ముక్క తగిలించి అదే పరిశుభ్రత అనుకోమంటారు. పొగతో రింగులు వదులుతూ రీల్ తీసుకునే ప్రతి వెధవా తనని తాను నవాబు అనుకుంటాడు. "హెర్బల్" అని చెప్పి ఇంకో వంద ఎక్కువ లాగుతారు, మూలిక అయితే మాత్రం కాలిస్తే పొగ రాదా, బొగ్గు మాత్రం హెర్బలా? మీ డబుల్ యాపిల్ ఫ్లేవర్‌లో యాపిల్ ఒక్కటి కూడా ఉండదు, సోంపు వాసన తప్ప.

ఇప్పుడు అసలు బాధకి వస్తాను. బావ మానేసిన రోజులు మీరు చూడలేదు. నోట్లో ఎప్పుడూ సోంపో ఏలక్కాయో ఉండేది. ఇరానీ హోటల్ ముందు నుంచి వెళ్లకుండా ఆఫీసుకి చుట్టుతిరిగి పోయేవాడు, ఎందుకంటే ఆ చాయ్ వాసన వస్తే వేళ్లు వాటంతటవే జేబు తడుముకునేవి. భోజనం అయ్యాక ఆ పది నిమిషాలు గండం, గిన్నెలు కడిగేవాడు పాపం. నికోటిన్ కొద్దిరోజుల్లో ఒంట్లోంచి పోతుంది గానీ, ఈ అన్నం తర్వాత, ఈ చాయ్ పక్కన, ఈ నలుగురి మధ్య, అన్న అలవాటు ఎక్కడో మెదడులో చాప పరుచుకుని ఏళ్ల తరబడి పడుకునే ఉంటుంది. తమరు ఏం చేశారు? కడుపు నిండా అన్నం అయ్యాక, చాయ్ గ్లాసు పక్కన పెట్టి, నలుగురి మధ్య కూచోబెట్టి, నోటికి గొట్టం, ఛాతీ నిండా పొగ, దాంట్లో నికోటిన్. లేనిదల్లా ఆ తెల్ల కాగితం ఒక్కటే! ఊపిరితిత్తులకి కాగితం కనబడుతుందా?

ఎప్పుడూ సిగరెట్ ముట్టని అమెరికా కుర్రకారుని గమనిస్తే, హుక్కా తాగేవాళ్లు రెండేళ్లు తిరిగేసరికి సిగరెట్ మొదలుపెట్టే అవకాశం మిగతావాళ్ల కన్నా ఎక్కువని 2015లో ఒక అధ్యయనం తేల్చింది. దారే తెలియనివాణ్ణి అక్కడిదాకా తీసుకెళ్లగలిగిన మీరు, ఆ దారిలో పదిహేనేళ్లు తిరిగొచ్చినవాణ్ణి ఊరికే వదులుతారా?

అన్నిటికన్నా ఒళ్లు మండేది ఇంకోటి ఉంది. బావ ఫోన్‌లో సిగరెట్ మానేసి ఎన్ని రోజులైందో లెక్కపెట్టే యాప్ ఉంది. ఆదివారం సాయంత్రం, ఒంటినిండా నీ పాన్ మింట్ కంపుతో, ఆ యాప్ తెరిచి మా మావగారికి చూపించి శభాష్ అనిపించుకున్నాడు. అంటే మళ్లీ మొదలుపెట్టానన్న సంగతి ఆ మనిషికే తెలియదు! సిగరెట్ తాగుంటే తెలిసేది, సిగ్గుపడేవాడు, సోమవారం నుంచి మళ్లీ సోంపు నమిలేవాడు. నువ్వు ఆ సిగ్గు కూడా మిగల్చలేదు కదా! దొంగతనం చేసి, తాళం యథాప్రకారం వేసి, తాళంచెవి మళ్లీ మేకుకి తగిలించి పోయావు.

అవును, మీరు నుంచి నువ్వులోకి దిగాను. ఉండనీ. సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర భయపెట్టే బొమ్మా హెచ్చరికా వేస్తారు, మానేయాలంటే ఫోన్ చేయమని 1800-11-2356 నంబరు అచ్చేస్తారు. కొనేవాడు చూసుకునే కొంటాడు. నీ పొగాకు ఏ డబ్బాలోంచి తీశారో ఆ కుర్రాడు వంటింట్లోనే వదిలేసి వస్తాడు, మా ముందుకి వచ్చేది రంగుల లైటూ పూసల గొట్టమూ మాత్రమే. నీ మీద ఏ నంబరు ఉంది? అద్దెకిచ్చేవాడి వాట్సాప్ నంబరు.

నిషేధాలంటావా, అవి నీకు జలుబు లాంటివి. జహంగీర్ 1617లో పొగాకునే నిషేధించాడు, నువ్వు ఆయన వంశం కన్నా ఎక్కువకాలం బతికావు. హోటళ్లలోని స్మోకింగ్ జోన్‌లో ఏ సర్వీసూ ఉండకూడదని 2017లో కేంద్రం రూలు పెడితే మెనూలో పేరు మార్చుకున్నావు. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ అసెంబ్లీ హుక్కా పార్లర్లు మూయించే బిల్లు పాస్ చేస్తే, పార్లర్ తాళం వేసి ఫామ్‌హౌస్‌కి కాపురం మార్చావు. ఇప్పుడు సంగీత్‌లో మెహందీ కోన్ల పక్కన నీకూ ఒక బల్ల.

నిజం చెప్పాలంటే నువ్వు నాకు నచ్చిన చోటు ఒకటుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో బీదరు పనితనం చూపించే చోట, నల్లటి లోహం మీద సన్నటి వెండి తీగలతో పూలు చెక్కి, గాజు పెట్టెలో కూచుని ఉంటావు. నిప్పు లేదు, నీళ్లు లేవు, వంతు అసలే లేదు. అంత అందంగా ఉన్న వస్తువుని తిట్టడానికి నాకూ నోరు రాలేదు, చిన్నప్పుడు స్కూలువాళ్లు తీసుకెళ్తే అక్కడే నిలబడిపోయి టీచర్‌తో తిట్లు తిన్నాను. నువ్వు అక్కడే ఉండిపోతే నీకూ గౌరవం, మాకూ క్షేమం.

ఉండవు కదా. నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. "మీ బావ మళ్లీ సిగరెట్ మొదలుపెట్టాడురా, జేబులో అగ్గిపెట్టె దొరికింది" అని ఒకటే ఏడుపు. నేను ఓదార్చేలోపే తనే తేరుకుని, "ఇలా దొంగచాటుగా ఆ దరిద్రం తాగే బదులు, శని ఆదివారాలు ఇంట్లోనే నా కళ్ల ముందు హుక్కా తాగితే నయం కదరా? ఆన్‌లైన్‌లో చిన్నది చూశాను, బొగ్గులు ఫ్రీ అంట, ఆఫర్ ఆదివారం దాకే ఉంది, నీలం తీసుకోనా నలుపు తీసుకోనా?" అంది.

ఇట్లు,
మీ పైపు పక్కవాడికి అందించినవాడు