ఓనరాంటీ వర్గీకరణ శాస్త్రం

జీవుల వర్గీకరణ అనగానే అందరూ స్వీడన్ దేశపు కార్ల్ లిన్నేయస్ పేరే చెబుతారు. బెంగళూరు ఇంటి ఓనర్ల ఊసు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. మారతహళ్ళిలో మూడు నెలలు టు-లెట్ బోర్డుల వెంట తిరిగినవాడిగా, ఇది ఘోరమైన అన్యాయమని నేను చెప్పక తప్పదు.

లిన్నేయస్ 1735లో తన పట్టికను అచ్చువేయించాడు. రాజ్యం, విభాగం, క్రమం, ప్రజాతి, జాతి అని మెట్లు కట్టాడు. కుటుంబం అనే మెట్టు అందులో లేదు, తర్వాతివాళ్లు చేర్చారు. ఆయనకేం, ఒంగోలు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు వెతుక్కోవాల్సిన ఖర్మ పట్టలేదు. ఇక్కడ గేటు తీయకముందే అడిగేది అదే: "ఫ్యామిలీయా, బ్యాచిలరా?" వెన్నెముక ఉందా లేదా అని మాత్రం ఎవరూ అడగలేదు. ఐటీ ఉద్యోగమని చెప్పాక ఆ ప్రశ్న అనవసరం అనుకుని ఉంటారు.

ఎందులో చేర్చాలో తేలని జీవుల పక్కన శాస్త్రవేత్తలు లాటిన్‌లో 'ఇన్సర్టే సెడిస్' అని రాస్తారు. చోటు ఖాయం కానిది అని అర్థం. బెంగళూరు బ్యాచిలర్‌ని చూశాకే ఎవరికో ఆ మాట తట్టి ఉంటుందని నా గట్టి నమ్మకం. చివరికి మా అమ్మ ఫోన్‌లో "మాఘంలో పెళ్లి చేసేస్తాం వదినగారూ" అని ఒక అబద్ధం ఆడితే, తెలుగావిడే అయిన మా ఓనరాంటీ నన్ను 'కాబోయే ఫ్యామిలీ' అనే కొత్త గూట్లో వేశారు.

తర్వాత నైతిక విచారణ. లిన్నేయస్ పూల మొక్కల్ని, పువ్వులోని మగ భాగాలైన కేసరాలు లెక్కపెట్టి విడగొట్టాడు. కేసరాలు భర్తలట. కొన్ని పూలలో ఒకే పడక మీద ఇరవై మందికి పైగా భర్తలున్నారని రాశాడు. మన పీజీ హాస్టళ్ల లెక్కన చూస్తే అదేమంత ఎక్కువ కాదు గానీ, యోహాన్ సీగెస్‌బెక్ అనే పండితుడు ఇదేం బరితెగింపని మండిపడ్డాడు. ఓ పనికిమాలిన కలుపు మొక్కకి ఉన్న 'సీగెస్‌బెకియా' అనే పేరు లిన్నేయస్ కక్షకొద్దీ పెట్టిందేనని చెప్పుకుంటారు. రాత్రి తొమ్మిది దాటాక ఫ్రెండ్స్ రాకూడదని ఆంటీ షరతు పెట్టిన రోజున, మా గేటు పక్కన మొలిచిన గడ్డికి నేనూ ఓ పేరు పెట్టాను. అగ్రిమెంట్ ఇంకా నడుస్తోంది కాబట్టి ఆ పేరు ఇక్కడ రాయను.

"వెజ్జేనా బాబూ?"

"ఇంట్లో వెజ్జేనండీ."

"గుడ్డు?"

ఇక్కడ తడబడ్డాను. 1799లో జార్జ్ షా అనే ఆంగ్లేయుడు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ప్లాటిపస్ చర్మాన్ని చూసి ఇలాగే తడబడ్డాడు. బాతు ముక్కు, బొచ్చు ఒళ్లు. ఎవరైనా ఆకతాయి కుట్టి అతికించాడేమోనని అనుమానపడ్డాడు. పాలిచ్చే ఆ జంతువు గుడ్లు కూడా పెడుతుందని తేలేసరికి 1884 వచ్చింది. గుడ్డు తినే శాకాహారి సంగతి తేల్చడానికి ఆంటీకి పది సెకన్లు చాలాయి. "కేకులో ఉంటే పర్లేదు. ఆమ్లెట్ మాత్రం వద్దు. వాసనొస్తుంది." మందుల్ని వాసనను బట్టి వర్గీకరించిన లిన్నేయస్‌కి కూడా ఈ ఆమ్లెట్ గూడు తట్టనే లేదు చూడండి.

పోయిన ఆదివారం ఆంటీ స్టీలు డబ్బాలో పుట్టగొడుగుల పులావ్ ఇచ్చారు. "ప్యూర్ వెజ్ బాబూ, కానీ అచ్చం మాంసం తిన్నట్టే ఉంటుంది" అన్నారు మురిపెంగా. పుట్టగొడుగుల జాతిని మొక్కల్లోంచి విడదీసి, 1969లో విట్టేకర్ అనే అమెరికా శాస్త్రవేత్త వాటికో సొంత రాజ్యం ఇచ్చాడు. ఆ తర్వాత జన్యువులు పరీక్షించినవాళ్లు అవి మొక్కలకంటే జంతువులకే దగ్గరి చుట్టాలని తేల్చారు. అంటే మనకే.

ఈ మాట ఆంటీకి చెబుదామని డబ్బా కడిగి పట్టుకుని పై అంతస్తుకి వెళ్లాను. బెల్లు కొట్టాను. తలుపు తీసేలోపు, పది నెలల అడ్వాన్స్ ఆవిడ దగ్గరే ఉందని గుర్తొచ్చింది.

"చాలా బాగుందాంటీ" అన్నాను. "ఇంకొంచెం ఉందా?"