ఉపకార నిరోధక చట్టం: కొన్ని సూచనలు

స్వచ్ఛంద సంస్థల చట్టాలను సంస్కరించాలని ఎవరన్నా సరే, వెంటనే చేయెత్తే మనిషిని నేను. జీతం లేకుండా పనిచేస్తానని ఎవడైనా ముందుకొస్తే 'వీడికి ఇందులో ఏం మిగులుతుంది?' అని ఆరా తీయడం మన పెద్దలు నేర్పిన సంస్కారం. చట్టమూ అదే అడుగుతోంది, కాకపోతే మూడు ప్రతుల్లో. ఆ అడగడం ఇంకా చాలడం లేదన్నదే నా బాధ.

అసలు తప్పు తెల్లవాళ్లది. 1857 తిరుగుబాటు ముగిసిన కొద్దికాలానికే, 1860లో, సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చారు. ఏడుగురు కలిసి సంతకాలు పెట్టి రుసుము కడితే సంఘం అయిపోతుందట. ఏడుగురు! అంత గొడవ చూసిన ప్రభుత్వం చేయాల్సిన పనేనా అది?

ఆ అజాగ్రత్తను మనవాళ్లు ఓపిగ్గా సరిదిద్దుతూ వచ్చారు. ఇప్పుడు సంఘం జిల్లా రిజిస్ట్రార్ దగ్గర పుట్టి, ఆదాయపన్ను శాఖ దగ్గర తన సత్ప్రవర్తన నిరూపించుకోవాలి. దాతలకు పన్ను రాయితీ కావాలంటే 80జీ అనే ఇంకో ఆమోదం. ప్రభుత్వ గ్రాంటు కావాలంటే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్లో నంబరు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ సొమ్ముకు ఇంకో ఫారం. విదేశీ విరాళమైతే సరాసరి కేంద్ర హోంశాఖ. ఉగ్రవాదుల్నీ సరిహద్దుల్నీ చూసే శాఖే అనాథాశ్రమాల బియ్యం లెక్క కూడా చూడటం ఎంత ముందుచూపు!

పూర్వం పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్ ఒకసారి వస్తే శాశ్వతం. ఈ సోమరితనాన్ని 2020 ఫైనాన్స్ చట్టం వదిలించింది. పాతవాళ్లంతా మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి, ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి అంది. గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 2024 జూన్ 30 దాకా లాక్కొచ్చారు. రిటైరైన మాస్టార్లు నడిపే ఒక పల్లె గ్రంథాలయం ఆ రోజుల్లో ఎలా ఉంటుందో చూడండి. కోశాధికారిగారు పేపర్ల చందా పక్కనపెట్టి పోర్టల్ ముందు కూర్చుంటారు. ఓటీపీ అధ్యక్షులవారి ఫోనుకు పోతుంది. అధ్యక్షులవారు నిరుడే కాలం చేశారు. ఆ సిమ్ము మనవడి దగ్గరుంది, మనవడు నైట్ డ్యూటీలో ఉన్నాడు. తెల్లారి లేచి అంకెలు చెప్పేసరికి పేజీ మూసుకుపోయి ఉంటుంది. మళ్లీ మొదటికి. మినిట్స్ పుస్తకంలో మాత్రం 'సభ్యులందరూ ఏకగ్రీవముగా ఆమోదించిరి' అని వంకర లేని అక్షరాలతో ఉంటుంది. కోరం నిండలేదని రాసిన మినిట్స్ పుస్తకం ఈ దేశంలో ఉంటే చూపించండి.

చిన్న సంస్థలకు ఆ ఐదేళ్ల పునరుద్ధరణ గడువును పదేళ్లకు పెంచుతూ 2025లో ఒక సడలింపు ఇచ్చారు. మెతకదనం ఇలాగే మొదలవుతుంది. కనిపెట్టుకుని ఉండాలి.

నాకు అన్నిటికన్నా నచ్చింది విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి, అంటే ఎఫ్‌సీఆర్‌ఏకి 2020లో చేసిన సవరణ. విదేశీ విరాళం మొదట ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే పడాలి. సంస్థ శ్రీకాకుళంలో ఉన్నా, ఆదిలాబాద్‌లో ఉన్నా సొమ్ముకు ముందు హస్తిన దర్శనం తప్పదు. పెద్ద సంస్థ తనకొచ్చిన విరాళంలోంచి పల్లెలోని చిన్న సంస్థకు ఇవ్వడానికి లేదు. పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది. ఇక్కడే ఉంది అసలు కళ. లెక్కలు రాయించే ఖర్చు, నివేదికలు తయారుచేసి దాఖలుచేసే ఖర్చు, లాయరు ఫీజు, నిబంధనల ప్రకారం ఇవన్నీ పరిపాలన ఖర్చులే. అంటే నివేదికలు ఎక్కువ అడగాలి, రాసేవాడికి ఇచ్చేది తగ్గించాలి. రెండూ ఒకే చట్టం. 2022లో సుప్రీంకోర్టు కూడా ఈ సవరణల్లో ముఖ్యమైనవాటిని సమర్థించింది కాబట్టి నేను వేరే చెప్పేదేముంది?

ఈ కఠినత్వం అందరికీ కాదులెండి. 2014లో ఢిల్లీ హైకోర్టు బీజేపీ, కాంగ్రెస్ రెండూ విదేశీ విరాళాల చట్టాన్ని ఉల్లంఘించాయని తేల్చింది. మామూలు సంఘమైతే రిజిస్ట్రేషన్ గల్లంతయ్యేది. పార్టీల విషయంలో మాత్రం విదేశీ సంస్థ అంటే ఏమిటనే నిర్వచనాన్నే మార్చేశారు. 2016లో ఒకసారి మార్చారు. అది 2010 దాకానే వెనక్కి పోయింది, చాల్లేదు. 2018లో మళ్లీ ముట్టుకుని, 1976 ఆగస్టు 5 నుంచే వర్తిస్తుందన్నారు. సభలో గోల జరుగుతుంటే చర్చ లేకుండానే పని కానిచ్చారు. నలభై ఏళ్లకు పైబడిన పాపాన్ని ఒక్క పేరాలో కడిగిన తీర్థం ఇంకెక్కడైనా ఉందా?

ఇక పేరు చెప్పని దాతల సంగతి. అలాంటివాడు సేవాసంస్థకు డబ్బిస్తే, ఒక హద్దు దాటాక దానిమీద 30 శాతం పన్ను. పార్టీకి ఇవ్వాలనుకుంటే వాడికోసం ఎన్నికల బాండ్లే కనిపెట్టారు. అమ్మింది అదే స్టేట్ బ్యాంకు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసేదాకా ఆ ముచ్చట నడిచింది.

దొంగ సంస్థలు లేవా అంటారు. ఎందుకు లేవు? బోర్డు తప్ప బడి లేనివి, గ్రాంటు వచ్చిన నెలలోనే నిద్ర లేచేవి కావలసినన్ని. కానీ వాటి ఫైలు తీసి చూడండి, కళ్లకద్దుకోవాలనిపిస్తుంది. ఒక్క వోచరు తప్పదు, ఒక్క తేదీ జారదు. వేరే పనేముంది గనక? రోజంతా పిల్లలతో, రోగులతో వేగేవాళ్ల దగ్గరే బిల్లులు పోతాయి, గడువులు దాటతాయి. కాగితం చూసి పట్టుకునే చట్టానికి ఎవరు చిక్కుతారో విడమర్చి చెప్పాలా? ఎఫ్‌సీఆర్‌ఏ కింద 20 వేలకు పైగా రిజిస్ట్రేషన్లు రద్దయ్యాయి. అందులో దొంగలెందరో, ఓటీపీ రానివాళ్లెందరో ఎవరు విడదీస్తారు?

దేశమంతటికీ పనికొచ్చే సరళమైన, ఉదారమైన కేంద్ర చట్టం సాధ్యమేమో చూద్దామని 2007లో కేంద్రం ఒక జాతీయ విధానంలో రాసుకుంది. అదృష్టం బాగుండి అది రాలేదు. కాబట్టి కొత్త ముసాయిదాకు నా వంతుగా రెండు ముక్కలు. ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టేముందు పాన్ నంబరు తీసుకోవాలి, లేనివాడు ఆకలి వాయిదా వేసుకుంటున్నట్టు స్వీయ ధ్రువీకరణ ఇవ్వాలి. రెండోది, ఐదేళ్లపాటు ఏ పనీ చేయకుండా ఫారాలన్నీ గడువులోగా దాఖలు చేసిన సంస్థకు ఉత్తమ సేవా పురస్కారం ఇవ్వాలి. శాలువా, జ్ఞాపిక ఉంటాయి. నగదు మాత్రం ఉండదు, దానికి వేరే ఫారం.