లక్షలు పెట్టి స్పీకర్లు కొనేవాళ్లకు ఒక మాట

హనుమకొండ నుంచి హైదరాబాద్ పోయి, ఏసీ డెమో రూమ్‌లో అరగంట కూర్చుని, నాలుగు లక్షల స్పీకర్లకు అడ్వాన్స్ కట్టి వచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. డబ్బు వాళ్లదే, కాదనను. కానీ ఆ డెమోతో వాళ్లకు తెలిసిందేంటి?

రెండు జతలు పక్కపక్కన పెట్టి మార్చి మార్చి వినిపిస్తారు, వాల్యూమ్ మాత్రం ముట్టుకోరు. ఒకే పవర్‌కు స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో డెసిబెల్స్ (డీబీ)లో చెప్పే అంకె సెన్సిటివిటీ. 86 డీబీ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్, 89 డీబీ ఉన్న స్పీకర్ ఒకే వాల్యూమ్‌లో వింటే రెండోది 3 డీబీ ఎక్కువ మోగుతుంది. మొదటిదాన్ని దాని సమానానికి తేవాలంటే ఆంప్లిఫయర్ రెట్టింపు పవర్ ఇవ్వాలి. మోత కాస్త పెరిగితే మనం పెరిగిందనుకోం, 'బాస్ బాగుంది, గొంతు క్లియర్‌గా ఉంది' అనుకుంటాం. సౌండ్ తగ్గే కొద్దీ మన చెవికి బాస్ సరిగా అందదని పరిశోధకులు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చెప్పారు. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టుకుని, పింక్ నాయిస్ (బాస్ నుంచి సన్న శబ్దం దాకా అన్నీ కలిసిన, హోరుమనే పరీక్ష శబ్దం) వేసి, రెండింటినీ ఒకే అంకెకు తెమ్మనండి. నేనడిగితే సేల్స్ కుర్రాడు "సార్, మ్యూజిక్ ఎంజాయ్ చేయండి, లెక్కలెందుకు" అన్నాడు. మరి బిల్లులో లెక్కలెందుకు బాబూ?

కళ్లు చేసే మోసం ఇంకోటి. శబ్ద పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో ఒక ప్రయోగం ప్రచురించారు. అవే స్పీకర్లను అదే మనుషులకు తెర చాటున ఒకసారి, కనబడేలా ఒకసారి వినిపించారు. కనబడేసరికి పెద్దగా, దర్జాగా ఉన్నవాటికి మార్కులు పెరిగాయి, చిన్న చౌక సెట్‌కు పడిపోయాయి. గదిలో స్పీకర్ల చోటు మారిస్తే వచ్చే తేడాను తెర ఉన్నప్పుడు పట్టుకున్నవాళ్లే, తెర తీశాక పెద్దగా పట్టించుకోలేదు. అసలు సంగతి ఆ చోటు దగ్గరే ఉంది.

మన ఇళ్లలో గది అంటే పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, పదడుగుల ఎత్తు. పైన స్లాబ్, కింద టైల్స్, చుట్టూ నున్నటి ప్లాస్టర్ గోడలు. పదడుగుల కొలతకు 56 హెర్ట్జ్ (సెకనుకు 56 కంపనాలు, అంటే బాస్ శబ్దం) దగ్గర గది తనే మోగుతుంది. వెడల్పు, ఎత్తు ఒకటే కాబట్టి ఆ మోతలు రెండూ ఒకే చోట కలిసి బలపడతాయి. పొడవు వైపు 47 హెర్ట్జ్. ఇందులో నేల మీద నిలబెట్టే మనిషెత్తు స్పీకర్లు (ఫ్లోర్‌స్టాండర్లు) పెట్టి ఒగ్గుకథ రికార్డింగ్ వేయండి. డోలు దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ వినబడదు, ఒకటే గుయ్‌మని రొద.

వరంగల్ కొత్తవాడ జంపఖానా పరిస్తే సరిపోతుందని మా బావ సలహా. జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉన్న మన జంపఖానా అంటే నాకూ గర్వమే, టైల్స్ మీద వచ్చే గలగలను కొంత తగ్గిస్తుంది కూడా. కానీ 56 హెర్ట్జ్ అల పొడవు ఇరవై అడుగులు. ఆ పలుచటి నేత దాన్నేం ఆపుతుంది? బాస్‌ను పీల్చుకునే మందపాటి దిమ్మలు, అంటే బాస్ ట్రాపులు కావాలి. అంతకంటే ముందు కుర్చీని వెనక గోడ నుంచి ముందుకు జరపండి, పైసా ఖర్చు లేదు.

ఈ సైజు గదికి స్టాండ్ మీదో అరలోనో పెట్టే చిన్న స్పీకర్లు, అంటే మంచి బుక్‌షెల్ఫ్ జత చాలంటాను. చిన్నదని తీసిపారేయకండి. బీబీసీ వాళ్లు ఎల్‌ఎస్3/5ఏ అనే చిన్న స్పీకర్ తయారు చేసుకున్నది ప్రసార వ్యాన్ల లాంటి ఇరుకు చోట్ల కోసమే. 2012లో స్పీకర్ల కంపెనీ కెఫ్ తన 50 ఏళ్ల గుర్తుగా తెచ్చిన ఎల్‌ఎస్50కి ప్రేరణ కూడా అదే.

అది కూడా ఇంట్లో విన్నాకే. డిపాజిట్ కడతా, ట్రాన్స్‌పోర్ట్ ఖర్చు నాదే అన్నా ఒక డీలర్ "సిటీ దాటి డెమో ఇవ్వం సార్" అన్నాడు. సిటీలో వాళ్లకైతే ఇస్తారట! మన డబ్బు మాత్రం కాజీపేటలో రైలెక్కి రావచ్చు. ఇలాంటి బేరం నాకొద్దు.

హనుమకొండ, కరీంనగర్ వైపు ఎవరి దగ్గరైనా బుక్‌షెల్ఫ్ జత ఉంటే కామెంట్ పెట్టండి. ఒక ఆదివారం మీది మా ఇంట్లో, ఇంకో ఆదివారం నాది మీ ఇంట్లో విందాం. మీటర్, తెరకు దుప్పటి నేను తెస్తా.