రందిని రంది అనే అందాం

కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఫోన్ నెట్ రెండు నిమిషాలు ఆగితే చాలు, 'డిప్రెషన్ వచ్చింది రా' అని మెసేజ్ పడుతుంది. కాజీపేటలో రైలు అరగంట ఆలస్యమైతే 'మెంటల్ ఎక్కుతాంది' అని స్టేటస్. పుస్తకాలు వరుసగా పేర్చుకునే అమ్మాయికి 'ఓసీడీ' అని పేరు పెడతారు. పొద్దున నవ్వి సాయంత్రం ముఖం ముడుచుకున్న దోస్తు 'బైపోలార్' అవుతాడు, గట్టిగా మాట్లాడిన మేనేజర్ 'సైకో' అవుతాడు. అదే నోటితో, నచ్చిన పాటకు 'మెంటల్ మాస్' అని మెచ్చుకోలు. ఈ మాటలన్నీ చేరేది ఒక్క చోటికే. నిజంగా జబ్బు వచ్చిన మనిషి తన బాధ చెప్పుకుందామని నోరు తెరిస్తే, చెప్పడానికి మాట మిగలడం లేదు.

చిన్నచిన్న చికాకులకు మన దగ్గర మాటలకు కరువు లేదు. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో మనసు సంగతి చెప్పే మాటలు ఎన్ని ఉన్నాయో ఒక్కసారి గుర్తు చేసుకోండి. రంది అంటే లోపల పెట్టుకుని తొలుచుకునే దిగులు. బిడ్డ పెండ్లి రంది, ఎండుతున్న పత్తి చేను రంది. పరీక్ష ముందు రాత్రి కడుపులో లేచేది బుగులు. ఆధార్‌లో ఒక్క అక్షరం సరిచేయించుకోవడానికి మూడోసారి మీసేవకు తిరిగితే వచ్చేది యాష్ట. మనాది వేరు. తిండి సయించనీయదు, నిద్ర పట్టనీయదు, మనిషిని రోజురోజుకూ కృశింపజేస్తుంది. 'మనాదితో మంచాన పడ్డడు' అని అమ్మమ్మలు అన్నారంటే, మనసుకు వచ్చిన జబ్బు ఒంటిని పడగొడుతుందని వాళ్లు ఎప్పుడో ఒప్పుకున్నట్టే. నెట్ ఆగితే యాష్ట అనండి. రిజల్ట్ ముందు బుగులు అనండి. డిప్రెషన్ అనే మాటను దాని అవసరం ఉన్నవాళ్లకు వదిలిపెట్టండి.

ఎందుకంటే దానికి కొలత ఉంది. మనసు బాగా లేకపోవడం, లేదా ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, దాదాపు ప్రతిరోజూ, కనీసం రెండు వారాలు ఉండాలి. దానితోపాటు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత లాంటివి కొన్ని దెబ్బతినాలి. డాక్టర్లు పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల చీటీ వాడతారు. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3, మొత్తం 27 మార్కులు. 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే డాక్టరును కలవాలి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాని జవాబు వస్తే మొత్తం ఎంతని లెక్క చూడకుండా ఆ రోజే ఎవరితోనైనా మాట్లాడాలి. ఓసీడీ అంటే పుస్తకాలు సర్దుకోవడం కాదు. గడియ పెట్టానో లేదో అని 20 సార్లు లేచి చూడటం, చర్మం పగిలేదాకా చేతులు కడగడం, ఇదంతా అర్థం లేనిదని తెలిసీ ఆపుకోలేక రోజూ గంటకు పైగా దానికే పోగొట్టుకోవడం. బైపోలార్ అంటే ఉద్రేకం, కుంగుబాటు దశలుగా వచ్చే జబ్బు. అందులో ఉద్రేకపు దశ వారం, అంతకంటే ఎక్కువ రోజులు సాగుతుంది. రెండు మూడు గంటల నిద్రతోనే అలుపు ఉండదు, మాట ఆగదు, చేతిలో డబ్బు నిలవదు.

ఇక తిట్టు సంగతి. హైదరాబాద్ ఎర్రగడ్డలో మానసిక చికిత్సాలయం ఉంది కాబట్టి, ఆ ఊరి పేరునే మనం తిట్టు చేసుకున్నాం. 'నిన్ను ఎర్రగడ్డకు పంపాలె' అని బడిలో పిల్లలు సైతం అంటారు. ఆ మాట విని పెరిగిన మనిషి రేపు తనకే అవసరం పడితే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీకి దారి అడగగలడా? అడగడు. గుండెదడ అని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతాడు. గ్లూకోజ్ ఎక్కించుకుంటాడు. తర్వాత ఈసీజీ, ఆ తర్వాత తలకు స్కానింగ్. అన్నీ నార్మల్ అని కాగితాలు వస్తాయి, బాధ మాత్రం అలాగే ఉంటుంది. నరాల బలహీనత అని మరో ఇంజక్షన్. ఇలా నెలలు గడుస్తాయి, అప్పు పెరుగుతుంది. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. వాళ్లలో ఎక్కువ మందికి చికిత్స అందడం లేదనీ తేలింది.

చికిత్స మొదలయ్యాక కూడా సిగ్గు వెంటే వస్తుంది. గోలీలను అట్ట నుంచి తీసి గ్యాస్ గోలీల డబ్బాలో పోసి దాచుకునేవాళ్లు ఉన్నారు. అట్ట మీది పేరు పోతుంది, మిల్లీగ్రాములు పోతాయి, గడువు తేదీ పోతుంది. రేపు ఇంకో డాక్టరు ఏం వాడుతున్నారని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. డిప్రెషన్ గోలీలు పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి గుణం కనిపించడానికి ఆరు వారాల దాకా పట్టవచ్చు. వికారం, తలనొప్పి మాత్రం మొదటి వారంలోనే వస్తాయి, చాలామందికి రెండు వారాల్లో తగ్గిపోతాయి. అంటే కష్టం ముందు, గుణం తర్వాత. ఇది ముందే చెప్పకపోతే పదో రోజు 'ఈ గోలీలు పడలేదు' అని మానేస్తారు. మూడో నెలలో 'నాకు మంచిగైంది' అని మానేయడం ఇంకో తప్పు. మొదటిసారి వచ్చిన డిప్రెషన్ తగ్గాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు గోలీలు వాడాలి. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. నిద్ర గోలీల సంగతి వేరు. అవి కొన్ని వారాల్లోనే అలవాటుగా మారతాయి. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో మళ్లీ మళ్లీ కొనుక్కోవద్దు.

పెండ్లి దగ్గర ఈ సిగ్గు మరీ ప్రమాదం. సంబంధాలు చూసే రోజుల్లో గోలీలు ఆపించే తల్లిదండ్రులు ఉన్నారు. పెండ్లి పనుల్లో రాత్రులు నిద్ర ఉండదు. బైపోలార్ ఉన్నవాళ్లకు నిద్ర చెడితే జబ్బు తిరగబెడుతుంది. గోలీ లేక, నిద్ర లేక, సరిగ్గా పెండ్లింట్లోనే పిల్లవాడికి జబ్బు తిరగబెడుతుంది. 'పెండ్లి చేస్తే అదే తగ్గుతది' అనే సలహా ఇచ్చే బంధువులు ఆ రోజు అక్కడ ఉండరు. మేడారంలో మొక్కు మొక్కుకున్నా, దర్గాలో తాయెత్తు కట్టించుకున్నా ఎవరికీ అభ్యంతరం లేదు. గోలీ మాత్రం ఆపొద్దు.

ఉత్తర తెలంగాణలో మరో సంగతి గట్టిగా చెప్పాల్సి ఉంది. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. మొదటి రెండూ ఆస్పత్రిలో కొలిచి ఇచ్చే నిద్ర, ఆందోళన మందులే. రోజూ తాగే మనిషి ఏదో కారణంతో ఒక్కసారిగా కల్లు ఆపితే, ఒకటి రెండు రోజుల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర పట్టదు. ఆ తర్వాత లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి, ఫిట్స్ రావచ్చు. డయాజెపాం కలిసిన కల్లయితే ఇవన్నీ కొన్ని రోజులు ఆలస్యంగా మొదలవుతాయి. ఊళ్లో వాళ్లు 'పిస్స లేసింది' అంటారు, కొందరు 'గాలి సోకింది' అంటారు, కట్టేస్తారు. నిజానికి అది మందు ఒక్కసారిగా ఆగిపోయినందుకు ఒళ్లు చేసే గోల. ఆస్పత్రిలో అదే రకం మందును కొలతగా ఇచ్చి, రోజురోజుకూ తగ్గిస్తే మనిషి కోలుకుంటాడు. ఇంట్లో ఉంచి నీళ్లు చల్లుతూ కూర్చుంటే ఫిట్స్‌లో ప్రాణం పోవచ్చు. కల్లు ఎన్ని సీసాలు, ఎన్నేళ్లుగా, ఆఖరిసారి ఎప్పుడు తాగాడు అన్న మూడు సంగతులు డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడకండి. ఆ మూడింటి మీదే చికిత్స ఆధారపడి ఉంటుంది.

చట్టం మన మాటల కంటే ముందే మారింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మానసిక రోగిని ఏ రకంగానూ గొలుసులతో కట్టకూడదని అది చెబుతోంది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి, అనుమతి లేకుండా ఫొటో, వివరాలు ప్రచురించకూడదు. ఈ నిబంధన అన్నిటికంటే ముందు మా పత్రికలకు, ఛానళ్లకు వర్తిస్తుంది. మిగతా జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బుకూ ఆరోగ్య బీమా ఇవ్వాలి. పాలసీ తీసుకునేటప్పుడు ఆ పేజీ చదవండి. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి తప్ప శిక్షించకూడదని 115వ సెక్షన్ చెబుతోంది. కేసవుతుందన్న భయంతో ఆస్పత్రికి తీసుకుపోకుండా ఆగేవాళ్లకు ఈ ఒక్క ముక్క తెలిస్తే కొన్ని ప్రాణాలు నిలబడతాయి. వికలాంగుల హక్కుల చట్టం-2016 గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక వ్యాధీ ఉంది. ఆ వైకల్యం ఉన్న మనిషిని కావాలని పదిమందిలో అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు.

ఇంట్లో ఒకరు మాట తగ్గించి, తలుపు వేసుకుని కూర్చుంటే ఏం చేయాలని చాలామందికి సందేహం. 'ధైర్యంగా ఉండు, గింత దానికే గిట్లనా' అన్న మాటతో మొదలుపెట్టకండి. పక్కన కూర్చుని, 'రాత్రి నిద్ర పడుతుందా, తింటున్నవా' అని అడగండి. 'చావాలని అనిపిస్తుందా' అని సూటిగా అడగడానికి భయపడకండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనుకోవడం తప్పు, చాలామంది అడిగినవాళ్లకే చెప్పుకుంటారు. ఔనంటే ఒంటరిగా వదలకండి. పత్తి సాగు చేసే ఇంట్లో పురుగుమందు డబ్బా పడక గదిలోనో వాకిట్లోనో ఉంటే ఆ రోజే తీసి తాళం వేసి, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంచండి. ఆస్పత్రికి పోయేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న గోలీల అట్టలు, ఎప్పటి నుంచి ఎలా ఉందో రాసిన కాగితం పట్టుకుపోండి. ఓపీలో డాక్టరుకు దొరికే సమయం తక్కువ, ఆ కాగితం సగం పని చేస్తుంది. జబ్బు పేరేమిటి, గోలీ ఎన్ని వారాలకు పనిచేస్తుంది, ఏ ఇబ్బంది వస్తే వెంటనే రావాలి, ఎప్పుడు ఆపాలి అని అడిగి రాసుకోండి.

ఆస్పత్రికి పోయే ధైర్యం ఇంకా రాని వాళ్లకు 14416 ఉంది. 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ ఇది. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు, అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు. ఇంటర్ ఫలితాల రోజున ఈ నంబర్ ప్రతి జూనియర్ కాలేజీ నోటీసు బోర్డు మీద, ఫలితాల వెబ్‌సైటులో మార్కుల కిందనే పెద్ద అక్షరాలతో ఉండాలని మేము కోరుతున్నాం. జిల్లా కలెక్టర్లు, ఇంటర్ బోర్డు అధికారులు కలిస్తే ఇది ఒక్క రోజు పని.